వంక మీద పరిచిన పడుగు

బట్టలారేసే తాడు కాస్త కిందికి వంగితే చాలు, మా నాయన చేతిలో పని వదిలేసి పోయి దాన్ని బిగించి వచ్చేవాడు. తాడు మాది కాకపోయినా సరే. బర్రె పలుపు, పందిరి కట్టు, ఆటో వెనక సామాన్లకు చుట్టిన తాడు, దేన్నీ వదిలేవాడు కాదు. ఒకసారి ఎవరిదో పెళ్లిలో షామియానా తాళ్లన్నీ బిగించుకుంటూ పోతే గుంజలు లేచొచ్చి పెళ్లికొడుకు నెత్తిన గుడ్డ పడింది. "ముహూర్తానికి ముందే ముసుగేసినావు గదా నాయనా" అని నేను నవ్వితే, "వదులుగా కట్టినోణ్ణి తిట్టు, నన్నెందుకు తిడతావ్" అన్నాడు.

ఆయన తప్పు కాదది. పట్టుచీర నేసే మనిషి. మగ్గం మీద నిలువుగా పరిచిన దారాలను పడుగు అంటాం. పడుగు వదులైతే నేత పలచబడుతుంది, అంచు వంకర పోతుంది, ధర్మవరం అంగట్లో చీర విప్పి చూసిన షావుకారు ముఖం చిట్లిస్తాడు. పుట్టినప్పటి నుంచి ఆయనకు తెలిసిన న్యాయం ఒక్కటే. బిగిస్తే మంచిది, వదిలితే చెడ్డది. నాకు ఆ న్యాయం అంటలేదు. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది, ఆ తర్వాత మగ్గం కూడా వదిలేసింది. హిందూపురంలో గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగు షాపులో పడ్డాను. ఇనుముతో ఒక సుఖముంది. అది తిరిగి తిట్టదు.

మా కాలనీ పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉంది. నేతపని వాళ్లకు ఇంటి స్థలాలిచ్చినప్పుడు రోడ్డు పక్కన జాగా దొరకలేదని వంకకు అవతల ఇచ్చారు. ఏడాదిలో ముప్పాతిక భాగం వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండదు కాబట్టి అడ్డం చెప్పినవాడు లేడు. స్థలం కొలవడానికొచ్చిన ఆయన చెప్పులు తడవకుండా వచ్చి, చెప్పులు తడవకుండా పోయాడు. మా కరువు మీద సర్కారుకున్నంత నమ్మకం మాకు కూడా లేదు.

ఈమధ్య సంవత్సరాల్లో వానలకు మా ప్రాంతం అడ్రసు దొరికింది. పైనున్న చెరువులు నిండి మరవ మీదుగా పొర్లితే ఆ నీళ్లన్నీ మా వంకలోకే. సిమెంటు గొట్టాల మీద పోసిన దారి ఒకటుండేది. మొదటి పెద్ద నీళ్లకే గొట్టాలు దొర్లుకుంటూ పోయాయి. ఎండాకాలంలో వాటిని వెతికి తెచ్చి మళ్లీ అక్కడే పెట్టారు. వానాకాలంలో మళ్లీ పోయాయి. గొట్టాలకు కూడా దారి అలవాటైపోయింది.

వంక పారిన రోజు కాలనీలో అందరికంటే ఎక్కువ ఇబ్బంది నా భార్యకు. ఆమె పెళ్లయి వచ్చినప్పుడు మా నాయన మగ్గానికి కండెలు చుట్టేది, అంటే పడుగు నడుమ అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే దారం చిన్న చిన్న పుల్లలకు చుట్టే పని. రోజంతా రాట్నం దగ్గర కూర్చుంటే నడుము పట్టేసేది, కూలి మాత్రం ఉండేది కాదు, ఇంటి పని కదా. మగ్గాల మీద పని తగ్గాక హిందూపురం దగ్గర గార్మెంట్సు కంపెనీలో చేరింది. చొక్కాలకు కాలర్లు కుట్టేది. మెడలో ఫోటో ఉన్న కార్డు. మా ఇంట్లో ఫోటో గోడమీదికి పోకముందే మెడలోకి వచ్చిన మొదటి మనిషి ఆమే. ఆ కార్డును దేవుడి పటం పక్కన మేకుకు తగిలించేది. నేను దానికి కుంకుమ పెడతానని ఏడిపిస్తే, "పెట్టు, నీ జీతం కంటే అదే నయం" అనేది. అది నిజం.

కంపెనీ బస్సు తెల్లవారుతూనే రోడ్డు మీదికి వస్తుంది. హారన్ కొడుతుంది, కాసేపు చూస్తుంది, పోతుంది. వంక పారితే ఈమె ఇవతల గట్టున, బస్సు అవతల రోడ్డు మీద. అట్లా కొన్ని పూటలు పోయాక సూపర్‌వైజరమ్మ చెప్పిందట, ఇంకొకసారి వాన వంక పెట్టుకుని మానేస్తే ఆ మిషను మీద వేరే మనిషి కూర్చుంటుందని. ఇంటికొచ్చి కార్డును మేకుకు తగిలించకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"మల్లా కండెలు సుట్టను మామా. సచ్చినా సుట్టను" అంది మా నాయనతో.

మా నాయన పొద్దున లేచి వంక గట్టుకు పోయి నిలబడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చూపుతో కొలిచాడు. నాకప్పుడే అనుమానం వచ్చింది, ఈయన ఏదో ఒకదాన్ని బిగించబోతున్నాడని.

వంతెన కావాలని అర్జీలు పెట్టడం కాలనీకి కొత్త కాదు. ఆ అర్జీల పుణ్యమా అని పెనుకొండ నుంచి ఒక ఇంజనీరు సారు వచ్చేవాడు. వయసులో చిన్నవాడు, మంచివాడు, చేతిలో టేపు ఉండేది కానీ అధికారం ఉండేది కాదు. కొలిచేవాడు, నిధుల్లేవు అనేవాడు, టీ తాగి పోయేవాడు. ఆసారి మా నాయన ఆయన్ని వదల్లేదు.

"మీరు కట్టొద్దులే సారూ. మేమే కట్టుకుంటాం. మనుషులు నడిసేకి ఒక ఏలాడే వంతెన ఎట్ల కడతారో సెప్పండి సాలు."

సారు అటూ ఇటూ చూసి, "నేను చెప్పినట్టు ఎక్కడా చెప్పకండి" అని ఇసుకలో కూర్చుని పుల్లతో గీశాడు. రెండు గట్ల మీద రెండు జతల స్తంభాలు. వాటి తలల మీదుగా రెండు ఉక్కు తాళ్లు. తాళ్ల నుంచి వేలాడే సన్న కడ్డీలు. ఆ కడ్డీలు పట్టుకునే పలకల దారి. మనిషి పలక మీద అడుగేస్తే ఆ బరువు కడ్డీ ఎక్కి తాడుకు పోతుంది, తాడు దాన్ని స్తంభాల తల మీద పెడుతుంది, స్తంభం నేలలోకి దించుతుంది. మిగిలిన లాగుడంతా తాడు చివరలు భూమిలో దేనికి కట్టామో దాని మీద. "ఆ చివరలే వంతెనకు ప్రాణం" అన్నాడు. నడుమ వేలాడే భాగాన్నే అందరూ చూస్తారట, పడిపోయేది మాత్రం ఎప్పుడూ ఎవరూ చూడని చివరల దగ్గరేనట.

ఆయన గీసిన తాడు నడుమ బాగా కిందికి వంగి ఉంది. మా నాయనకు అది కంట్లో నలుసైంది.

"ఇదేంది సారూ, ఇంత వదులు?"

"వదులు కాదు పెద్దాయనా. అంత వంగాలి."

"వంగితే ఏం బాగుంటాది? సక్కగ లాగితే గట్టిగుంటాది గదా."

సారు మా నాయన భుజం మీది తువ్వాలు తీసుకున్నాడు. ఒక కొన ఆయనకిచ్చి, ఇంకో కొన నాకిచ్చి, నడుమ ఒక గుండురాయి పెట్టాడు. తువ్వాలు ఉయ్యాలలా వంగింది, చేతులకు పెద్ద భారం లేదు. "ఇప్పుడు చదునుగా అయ్యేదాకా లాగండి" అన్నాడు. లాగాం. ఎంత లాగినా పూర్తిగా చదును కాదే. మా నాయన మడమలు ఇసుకలోకి దిగాయి, నా భుజాలు పట్టేశాయి.

"రాయి బరువు పెరిగిందా?" అన్నాడు సారు.

"ల్యా."

"మరి చేతులెందుకు నొప్పి పుడుతున్నాయి? తాడును వంగనిస్తే అది బరువును పైకి ఎత్తి పట్టుకుంటుంది. వంగనివ్వకపోతే ఎత్తడానికి దానికి వీలుండదు. అదే బరువుకు మిమ్మల్నిద్దర్నీ పక్కకు పీకేస్తుంది. మీ కాళ్లు జారినట్టే రేపు నేలలో కట్టిన చివరలు జారుతాయి."

మా నాయన తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. "తువ్వాలు పాతది సారూ, సాగిపోయింది" అన్నాడు.

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే పాఠం అయిపోయింది.

తలా కొంత డబ్బు వేసుకున్నారు. బోర్లు వేసే బండ్ల వాళ్లు పారేసిన ఉక్కు తాడు పాత ఇనుము అంగట్లో దొరికింది. నీళ్లు పడని బోర్ల నుంచి పీకిన గొట్టాలు స్తంభాలయ్యాయి, వాటిని అతికింది నేనే. కాలనీ వైపు ఒక ఎండిన బోరు ఉంది. రెండు తాళ్ల చివరలూ దాంట్లోకి దించి కాంక్రీటు పోశాం. "నీళ్లియ్యని ముండ తాడన్నా పట్టుకుంటాదిలే" అని బోరు వేయించి నష్టపోయిన ఆయనే మొదటి తట్ట పోశాడు. రోడ్డు వైపు బోరు లేదు. ఒక్కో తాడుకు ఒక్కో గుంత తవ్వి, పెద్ద బండకు చుట్టి, మట్టి కప్పి దిమ్మిస చేశాం. ఇక నడిచే పలకలు. నేత మానేసిన ఇండ్లలో మగ్గాలు విప్పి మూలన పడేసి ఉన్నాయి. ఆ కొయ్యలన్నీ వచ్చాయి. కాళ్లతో తొక్కే పని చేసిన కొయ్యలు మళ్లీ కాళ్ల కిందికే చేరాయి, వాటి జాతకం అంతే.

తాడు లాగే రోజు చూడాలి మా వాళ్లను. పడుగు సరిచేసేటప్పుడు వీధి పొడవునా దారాలు పరిచి, రెండు కొనల్లో మనుషులు నిలబడి లాగి పట్టుకుంటారు. నడుమ నిలబడ్డ పెద్దమనిషి దారాల మీద అరచేయి ఆడించి, బిగువు చాలిందో లేదో చెబుతాడు. చిన్నప్పటి నుంచి ప్రతి చేతికీ ఆ పని తెలుసు. ఉక్కు తాడు చేతికి రాగానే కాలనీ అంతా అదే వరసలో నిలబడింది. ఎవరూ చెప్పలేదు. మా నాయన నడుమన, ఇసుకలో, చేయెత్తి.

మొదట తాడు సారు గీసినట్టే వంగి నిలిచింది. ఎవరో "ఈనబోయే బర్రె కడుపు మాదిరుండాది" అన్నారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మా నాయన ముఖం చూడాలి. నలుగురిలో పంచె ఊడినట్టు నిలబడ్డాడు.

"లాగండప్పా! ఇంగా లాగండి!"

"సారు వంగనీమన్యాడు గదా నాయనా" అన్నాను.

"సారు ఎప్పుడన్నా మగ్గం నేసినాడా?"

"మనం ఎప్పుడన్నా వంతెన నేసినామా?"

"నోరు మూసుకోని లాగురా. మాట మాత్రం బలే బిగువు, చేతుల్లో ల్యా."

అందరూ నా మీద నవ్వి, ఆ ఊపులో ఇంకాస్త లాగారు. నా షాపు నుంచి తెచ్చిన చైను కప్పీ తగిలించి అది కిర్రుమనేదాకా బిగించారు. తాడు గీత గీసినట్టు నిలిచింది. మా నాయన గట్టెక్కి దాన్ని వేలితో మీటి చూశాడు. తంబూరాలా పలికింది. ఆ సాయంత్రం ఆయన ఆకలి లేదన్నాడు, కడుపు నిండిందని.

మొదట దాటింది నా భార్యే. కార్డు మెడలో వేసుకుని మరీ దాటింది, ఆ రోజు ఆదివారం అయినా. నడుమకు పోయి ఎగిరి చూసింది. "మామా, ఇది ఊగనే ఊగదే!" అని అరిచింది. "ఊగితే నేను నేతోణ్ణి ఎట్లయితానమ్మా" అని ఈయన గట్టు మీద నుంచి. చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చి ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. చిలమత్తూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ మాత్రం దాటకుండా కింద ఇసుకలోనే నడిచి వచ్చింది. "నీళ్లు లేనప్పుడు దేనికి నాయనా గాల్లో పోయేది" అంది. అందరికంటే తెలివైన ప్రయాణికురాలు ఆమె.

ఎండల్లో వంతెనకు ఏమీ కాలేదు. చిన్న వానలకూ ఏమీ కాలేదు. మనుషులు ఒకరి వెనక ఒకరు, చేతులూపుకుంటూ పోయేవాళ్లు.

పెద్ద వాన పట్టి వదలకుండా కురిసిన తర్వాత ఒక తెల్లవారుజామున వంక నిండుగా, ఎర్రగా పారుతోంది. వంతెన కట్టింది ఆ రోజు కోసమే. కంపెనీకి పోయే ఆడవాళ్లంతా టిఫిన్ క్యారియర్లు పట్టుకుని గట్టు మీద చేరారు. ఒక్కొక్కరే పోవాలని మా నాయన ముందే చెప్పి ఉన్నాడు, సారు మాటల్లో ఆ ఒక్కటి ఆయనకు నచ్చింది. ఒక్కొక్కరే బయలుదేరారు కూడా. అవతల బస్సు వచ్చి నిలిచి హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆ హారన్ విన్నాక ఒక్కొక్కరే అనే మాట ఎవరికి గుర్తుంటుంది? గబగబా అందరూ ఎక్కేశారు. నా భార్య నడుమలో ఉంది.

శబ్దం పెద్దగా ఏమీ రాలేదు. రోడ్డు వైపు నానిపోయిన మట్టిని ఒక బండ లోపలి నుంచి చీల్చుకుంటూ పైకి వచ్చింది. అన్నం కింద నుంచి గరిటె ఎత్తినట్టు నేల ఉబ్బింది. ఒక పక్క తాడు సడలింది, ఆ పక్క స్తంభం వంక వైపు ఒరిగింది, దారి బల్లపరుపుగా ఉన్నది కాస్తా గోడలా నిలువుగా తిరిగింది. బోరులో దించిన చివరలు మాత్రం కదల్లేదు. ఎన్నడూ ఏమీ ఇవ్వని బోరు, పట్టుకుంది మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఆడవాళ్లు కడ్డీలు పట్టుకుని పాక్కుంటూ గట్లు చేరారు. నా భార్య పడలేదు. పలక తిరిగినప్పుడు ఆమె కుడి చేయి కడ్డీకీ కొయ్యకూ నడుమ ఇరుక్కుంది. నీళ్లలోకి పోకుండా ఆమెను ఆపింది అదే. వంతెన ఆమె చేయి పట్టుకుంది, వదిలేటప్పటికి వేళ్లు నలిగిపోయాయి. నేనూ ఇంకొకాయనా పాకుతూ పోయి కడ్డీని వంచి విడిపించాం. ఆమె "బస్సు ఉండాదా పోయిందా?" అని అడిగింది.

పోయింది. బస్సు ఆ రోజు కూడా టైముకే పోయింది.

ఆసుపత్రిలో వేళ్లు ఉంచారు కానీ వంగేలా చేయలేకపోయారు. గుడ్డ జరిపేందుకు, కాలరు మలిచేందుకు ఆ చేయి పనికిరాదు. సూపర్‌వైజరమ్మ ఇంటికి వచ్చి అరటిపండ్లు ఇచ్చి, కార్డు తీసుకుని పోయింది. చాలా మర్యాదగా తీసుకుంది. మేకు ఇంకా గోడకే ఉంది.

కొన్నాళ్లకు ఇంజనీరు సారు జీపులో వచ్చాడు. అనుమతి లేకుండా ప్రమాదకరంగా కట్టినందుకు వంతెనను తీసేయాలని రాసిన కాగితం స్తంభానికి అంటించాడు. కింద సంతకం ఆయనదే. అందరూ పోయాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"వంగనిచ్చారా?"

"ల్యా సారూ. మాది నేతోళ్ల కొంప."

ఆయన జీపు తలుపు తీశాడు. "నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పలేదు కదా?"

"సెప్పల్యా. మీరు సెప్పినట్టు సేసింటే గదా సెప్పేకి."

జీపు ఎక్కాడు. ఆయన్ని తిట్టాలని ఉంటుంది నాకు, కానీ ఆయన చెప్పింది తప్పు కాదు. మా నాయనను తిట్టాలని ఉంటుంది, కానీ ఆయన చేసింది జీవితమంతా ఒప్పైన పని. తిట్టడానికి మనిషి దొరకని కోపం చాలా చెడ్డది. రోజూ దాన్ని మనమే మోయాలి, దించుకోవడానికి స్తంభం ఉండదు.

ఆ తర్వాత మా నాయన నేసిన చీర ఇవ్వడానికి ధర్మవరం పోతున్నప్పుడు దారిలో కొత్తగా కట్టిన ఒక పార్కు కనిపించింది. గేటు లోపల తళతళలాడే వేలాడే వంతెన, కింద నీళ్లు లేని సిమెంటు గుంత. జనం దాని మీద నిలబడి సెల్ఫీలు. టికెట్టు కొని పోయి, వంతెన ఎక్కకుండా కింద వంగి చూశాను. దారి కింద బలమైన కాంక్రీటు దిమ్మెలు. తాళ్లు పైన ఉత్తినే వేలాడుతున్నాయి, అలంకారానికి. వాటి మీద ఒక పిట్ట బరువు కూడా లేదు. వంపు మాత్రం ఎంత చక్కగా ఉందో! సారు ఇసుకలో గీసినట్టే ఉంది. మోయాల్సిన పని లేని తాడుకు ఎంత అందమైనా వస్తుంది.

"అన్నా, ఫోటో తీయాల్నా?" అని అడిగాడు అక్కడి మనిషి.

"మా వంక మీద ఉండాది అసలుది" అన్నాను.

ఆ రోజు షావుకారు చీర విప్పి, వేలు ఆనించి చూసి, మడిచి నా ఒళ్లో పెట్టాడు. "ఏమప్పా, మీ నాయన చేయేనా ఇది? నేత ఇంత పలచగా ఉండాదేం? అంచు సూడు, పాము పోయినట్టు పోయింది. తీసకపో."

మా నాయన చీర వెనక్కి రావడం నా ఎరుకలో అదే మొదటిసారి.

ఇంటికి తెచ్చి మగ్గం పక్కన పెట్టాను. ఆయన దాన్ని విప్పి చూడలేదు. ఏముందో ఆయనకు తెలుసు. అప్పుడు గమనించాను నేను. మగ్గం మీద కొత్త పడుగు ఉంది. దాన్ని వెనక్కి లాగి పట్టే తాడు వేలాడుతోంది. దారాలు నడుమ కిందికి వంగి ఉన్నాయి. తాడు కిందికి వంగితే ఓర్చుకోలేని మనిషి దాని ముందే కూర్చుని నాడె విసురుతున్నాడు.

నా భార్య మూలన రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. ఎడం చేత్తో తిప్పుతూ, కుడి మణికట్టుతో దారం నొక్కి పట్టుకుని. సచ్చినా సుట్టనన్న పనే. ఆమె చక్రం ఆపింది.

"మామా, పడుగు వదులుగా ఉండాది."

"సాల్లేమ్మా."

"సాలదు మామా. సీర మల్లా యెనక్కొస్తాది."

ఆయన లేచి పోయి తాడు కొన పట్టుకున్నాడు. పట్టుకుని అట్లే నిలబడ్డాడు. లాగలేదు. నాకు నోటిదాకా ఒక ఎగతాళి వచ్చింది, "ఏం నాయనా, సారు గుర్తొచ్చినాడా" అని. మింగేశాను.

ఆమె రాట్నం పక్కకు జరిపి లేచింది. ఆయన చేతిలో నుంచి తాడు తీసుకుని ఎడం ముంజేతికి చుట్టుకుంది, కాలు గుంజకు తన్ని పెట్టి ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది. పడుగు పైకి లేచి చదునైంది.

"యోవ్, సూస్తాండావేంది? తట్టి సూడు సాలిందేమో."

దారాల మీద అరచేయి ఆడించాను. "సాలింది" అన్నాను.

వంక అవతల బస్సు హారన్ వినిపించింది, సాయంత్రం పూట మనుషులను దించి పోయే బస్సు. ఆమె తల తిప్పలేదు. తాడు అట్లే బిగపట్టి, మా నాయనతో, "ముడెయ్ మామా, సెయ్యి లాగుతాండాది" అంది.

ఆయన ముడి వేశాడు. జీవితమంతా చూడకుండా వేసిన ముడి, ఆ రోజు వంగి, కళ్లు దగ్గర పెట్టుకుని, మూడుసార్లు విప్పి వేశాడు.